సిగ్నల్ తగిలిన మరుక్షణం

విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు శృంగవరపుకోట దాటాక తూర్పు కనుమలు ఎక్కడం మొదలుపెడుతుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన మార్గమిది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు దాటి శిమిలిగూడ చేరేసరికి రైలు సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 2017లో అద్దాల విస్టాడోమ్ పెట్టె వచ్చాక లోయ అందాలు చూడటానికి వచ్చేవాళ్లు పెరిగారు. అదే పెట్టెలో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నవారికి ఇంకో సంగతి కూడా తెలిసివస్తుంది. సొరంగంలోకి వెళ్లగానే నెట్ పోతుంది. బయటికొచ్చాక ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. లోయ అంచున రెండు నిమిషాలు నిలిచి, మలుపు తిరగగానే మళ్లీ పోతుంది.

ఆ రెండు నిమిషాల్లో ఒక ముఖ్యమైన ఫైలు వెళ్లిపోవాలంటే మనిషి తెరకేసి చూస్తూ కూర్చోవాలా? అక్కర్లేదు. నెట్ తగిలిన క్షణంలోనే ఫలానా పని చెయ్యమని కంప్యూటరుకు ముందే చెప్పిపెట్టవచ్చు. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే యంత్రాల్లో ఈ ఏర్పాటు చాలాకాలంగా ఉంది. పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అవసరం లేదు. దాన్ని వాడుకోవాల్సిన అవసరం మాత్రం రైలు ప్రయాణికుల కంటే ఆ కొండల్లో బతికేవారికే ఎక్కువ.

కొండల్లో నెట్ తీరు

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచింగిపుట్టు, పెదబయలు, చింతపల్లి వంటి మన్యం మండలాలు ఇందులో ఉన్నాయి. వైఫైకీ సెల్‌ఫోన్‌కీ వాడే రేడియో తరంగాలకు కొండ పెద్ద అడ్డు. వైఫై తరంగం పొడవు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 12 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. ఇలాంటి పొట్టి తరంగాలు రాతి గుట్టను చీల్చుకుని అవతలికి పోలేవు, గుట్ట మీదుగా పెద్దగా వంగనూ లేవు. అందుకే మండల కేంద్రంలో టవరున్నా, గుట్ట చాటున్న గూడేనికి సిగ్నల్ అందదు. ఫోన్ మాట్లాడటానికి గుట్టెక్కడం ఏజెన్సీలో అందరికీ అనుభవమే.

ఈ లోటు తీర్చడానికి ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభాల మీదుగా ఆప్టికల్ ఫైబర్ లాగింది. 2017 డిసెంబరులో గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్ ప్రయోగశాలతో ఒప్పందం కుదుర్చుకుంది. తీగ లేకుండా, కాంతి పుంజం ద్వారా, 20 కిలోమీటర్ల దూరం దాకా డేటా పంపే లింకులు 2,000 పెట్టాలన్నది దాని ఉద్దేశం. అయితే దట్టమైన పొగమంచు ఇలాంటి కాంతి పుంజాన్ని అడ్డుకుంటుంది. శీతకాలంలో లంబసింగి, అరకు ప్రాంతాల పొగమంచు ఎలాంటిదో తెలుగువారికి చెప్పనక్కర్లేదు. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం దేశంలో సిగ్నల్ అందని 24,680 గ్రామాలకు 4జీ అందించే పథకాన్ని 26,316 కోట్ల రూపాయలతో ఆమోదించి, ఆ పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 జియో టవర్లలో ఎక్కువ భాగం అల్లూరి జిల్లాలోనివే.

టవర్లు పెరగడం మంచిదే. అయితే టవరుకు కరెంటు కావాలి, దాని వెనక ఫైబరో మైక్రోవేవ్ లింకో కావాలి. గాలివానకు చెట్టు కూలి తీగ తెగితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుపాను విశాఖ నగరంలోనే ఫోన్లను రోజుల తరబడి మూగబోయేలా చేసింది. అరకు ప్రాంతంలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను నేలకూల్చింది. కాబట్టి కొండల్లో వాడే ఏ సాఫ్ట్‌వేరైనా నెట్ పోతూ వస్తూ ఉంటుందన్న లెక్కతోనే తయారు కావాలి.

కలిసేటప్పుడు లోపల జరిగేది

వైఫై పెట్టె తన పేరును సెకనుకు దాదాపు పదిసార్లు ప్రకటిస్తూ ఉంటుంది. ల్యాప్‌టాప్‌లోని చిప్ ఆ ప్రకటనలు విని, తెలిసిన పేరు కనబడితే దగ్గరవుతుంది. పాస్‌వర్డ్ సంగతి చూసేది సాధారణంగా డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే ప్రోగ్రామ్. ఫిన్లండ్‌కు చెందిన యౌనీ మాలినెన్ దాన్ని రాశాడు. రెండు వైపులా నాలుగు సందేశాలు మారాక, పాస్‌వర్డ్‌ను గాలిలోకి వదలకుండానే, ఇద్దరికీ అది తెలుసునని తేలుతుంది.

ఇప్పటికి రేడియో బంధం మాత్రమే కుదిరింది. తర్వాత డీహెచ్‌సీపీ పద్ధతిలో మరో నాలుగు సందేశాలు నడుస్తాయి. ఇక్కడ చిరునామా ఇచ్చేవారున్నారా అని ల్యాప్‌టాప్ అడుగుతుంది. ఇదుగో ఇది తీసుకో అని పెట్టె చెబుతుంది. సరే, ఇదే కావాలని ల్యాప్‌టాప్ అంటుంది. ఖరారైందని పెట్టె జవాబిస్తుంది. ఐపీ చిరునామాతో పాటు, బయటి ప్రపంచానికి దారి ఎటో, వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు ఎవర్ని అడగాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇందులో ప్రతి మార్పునూ లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ గమనిస్తుంది. నెట్‌లింక్ అనే మార్గంలో, వినదలచిన ప్రోగ్రాములకు ఆ కబురు చెబుతుంది. ఆ కబుర్లు వినేవాటిలో ముఖ్యమైనది నెట్‌వర్క్‌మేనేజర్. రెడ్‌హ్యాట్ సంస్థ 2004లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ ఇప్పుడు ఉబుంటు, ఫెడోరా వంటి డెస్క్‌టాప్ లినక్స్‌ల్లో చాలావాటిలో కనిపిస్తుంది.

నిమిషానికోసారి నెట్ ఉందా అని చూసుకునే ప్రోగ్రామ్ రాసుకోవచ్చు కదా అనిపించవచ్చు. రాయవచ్చు, చాలామంది రాస్తారు కూడా. అలా పదేపదే అడగడం వల్ల బ్యాటరీ ఖర్చవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఐదు నిమిషాలకోసారి అడిగే ప్రోగ్రామ్ మధ్యలో మూడు నిమిషాలు వచ్చిపోయిన సిగ్నల్‌ను అసలు చూడనే చూడదు. కెర్నెల్ నుంచి కబురు అందుకునే ప్రోగ్రామ్‌కు ఆ మూడు నిమిషాలూ దక్కుతాయి.

కబురు అందుకునే స్క్రిప్టు

లినక్స్‌లో ఈటీసీ డైరెక్టరీ కింద నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్, దానిలో డిస్పాచర్ డాట్ డి అనే ఫోల్డర్ ఉంటాయి. అందులో పెట్టిన ప్రతి స్క్రిప్టునూ, అంటే ఆదేశాలు రాసిన ఫైలునూ, నెట్ స్థితి మారినప్పుడల్లా యంత్రం తనంతట తాను నడుపుతుంది. నడిపేటప్పుడు రెండు మాటలు అందిస్తుంది. మొదటిది మార్పు జరిగిన పరికరం పేరు. వైఫై అయితే ఆ పేరు సాధారణంగా డబ్ల్యూఎల్ అనే అక్షరాలతో మొదలవుతుంది. రెండోది ఏం జరిగిందన్న మాట: కలిస్తే అప్, తెగితే డౌన్. ఏ కనెక్షనుతో కలిసింది, ఏ చిరునామా దొరికింది వంటి వివరాలు కూడా స్క్రిప్టుకు అందుతాయి. పరికరం వైఫై అయి, రెండో మాట అప్ అయి, కనెక్షన్ ఆఫీసుదే అయితే ఫలానా పని మొదలుపెట్టు అని రాసుకుంటే చాలు. నాలుగైదు వరుసల్లో అయిపోతుంది.

స్క్రిప్టులు పేర్ల అక్షరక్రమంలో, ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. అందుకే పేరు ముందు 10, 20, 90 అని అంకెలు పెట్టడం ఆనవాయితీ. ఒక స్క్రిప్టు గంటసేపు ఫైళ్లు పంపుతూ కూర్చుంటే వెనకున్నవన్నీ ఆగిపోతాయి. కాబట్టి స్క్రిప్టు చేయాల్సింది కబురు అందుకుని, అసలు పనిని, లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ ద్వారా, విడి సేవగా మొదలుపెట్టి, వెంటనే తప్పుకోవడం.

ఇవి రూట్ అధికారంతో, అంటే యంత్రం మీద పూర్తి హక్కులతో నడుస్తాయి. ఈ ఫోల్డర్‌లో ఫైలు రాయగలిగినవాడు ఆ కంప్యూటర్‌తో ఏమైనా చేయగలడు. అందుకే స్క్రిప్టు యజమాని రూట్ కాకపోయినా, ఇతరులకు దాన్ని మార్చే హక్కున్నా నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని నడపదు. కొత్తవాళ్లు గంటల తరబడి తలపట్టుకునేది చాలాసార్లు ఇక్కడే. వైఫై పేరును నమ్మి రహస్యమైన పనులు చేయించడం కూడా తగదు. అదే పేరుతో ఎవరైనా హాట్‌స్పాట్ తెరవగలరు. అవతలి సర్వర్ ఫలానాదేనని తాళంచెవితో తేల్చుకునే ఎస్ఎస్‌హెచ్ వంటి పద్ధతిలోనే డేటా పంపాలి.

ఈ ఏర్పాటును పెద్ద ప్రోగ్రాములే వాడుకుంటున్నాయి. గడియారాన్ని సరిచేసే క్రోనీ ఇలాంటి స్క్రిప్టుతోనే వస్తుంది. నెట్ రాగానే సమయం అడగడం మొదలుపెడుతుంది, పోగానే మానేస్తుంది. డెబియన్ లినక్స్‌లో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ ప్రోగ్రామ్ కూడా అంతే. నెట్ లేనప్పుడు రాసిన ఉత్తరాలను వరుసలో ఉంచుకుంటుంది. నెట్ కలిసిందన్న కబురు రాగానే ఆ వరుసంతా పంపేస్తుంది.

వైఫై కలిసినా నెట్ లేకపోవచ్చు

విశాఖపట్నం స్టేషనులో ఉచిత వైఫై 2016లోనే వచ్చింది. రైల్‌టెల్, గూగుల్ కలిసి తొలి దశలో వైఫై పెట్టిన స్టేషన్లలో అదొకటి. అక్కడ ల్యాప్‌టాప్ వైఫైకి కలుస్తుంది, చిరునామా దొరుకుతుంది, అప్ అన్న కబురూ వస్తుంది. కానీ ఫోన్ నంబరిచ్చి ఓటీపీ కొట్టేదాకా బయటికి ఒక్క ఫైలూ పోదు. అప్ అన్న మాటనే నమ్మి పని మొదలుపెట్టిన స్క్రిప్టు ఇక్కడ బోల్తా పడుతుంది.

కిరండూల్ రైల్లో దీనికి ఉల్టా. ల్యాప్‌టాప్ పక్కనున్న ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిసి ఉంటుంది. సొరంగంలో ఫోన్‌కు టవరుతో బంధం తెగినా, ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య వైఫై చెక్కుచెదరదు. అందువల్ల డౌన్ అన్న కబురు రాదు. బయటికొచ్చాక మళ్లీ అప్ అన్న కబురూ రాదు.

దీనికి నెట్‌వర్క్‌మేనేజర్‌లో వేరే పరీక్ష ఉంది. అది ముందే నిర్ణయించిన ఒక వెబ్ చిరునామాను అడిగి, అనుకున్న జవాబు వచ్చిందా లేదా చూస్తుంది. వస్తే నెట్ పూర్తిగా ఉన్నట్టు. వేరే పేజీ వస్తే మధ్యలో లాగిన్ గేటు ఉన్నట్టు. జవాబే రాకపోతే వైఫై మాత్రమే ఉండి నెట్ లేనట్టు. ఈ స్థితి మారినప్పుడు ఆ ఫోల్డర్‌లోని స్క్రిప్టులకు కనెక్టివిటీ చేంజ్ అనే మరో కబురు అందుతుంది. నిజంగా బయటికి డేటా పంపే పనులు ఈ కబురు కోసమే ఎదురుచూడాలి. అంతా బాగున్నప్పుడు ఈ పరీక్ష మామూలుగా 300 సెకన్లకోసారి జరుగుతుంది. ఈలోపు వచ్చిపోయిన సొరంగం దాని లెక్కలోకి రాదు. కనుక ఫైలు పంపే ప్రోగ్రామ్ ఏ కబురునూ గుడ్డిగా నమ్మకుండా, తెగితే ఆగి మళ్లీ ప్రయత్నించడం నేర్చుకుని ఉండాలి.

ముందే నడిచిన దారి

సరకు దాచిపెట్టి, దారి దొరికినప్పుడు పంపడమన్న ఆలోచన వైఫై కంటే చాలా పాతది. మన్యంలో కుటుంబాలు వారమంతా చింతపండో, పసుపో, అడ్డాకులో పోగుచేసి సంత రోజున ఒక్కసారిగా దించుకొస్తాయి. కంప్యూటర్లూ అలాగే మొదలయ్యాయి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ రాసిన యూయూసీపీ ప్రోగ్రామ్ పగలంతా ఉత్తరాలు పోగేసి, ఫోన్ ఛార్జీలు తగ్గే రాత్రివేళ మరో కంప్యూటరుకు డయల్ చేసి పంపేది. 1986లో మొదలైన మన ఎర్నెట్ కూడా తొలిరోజుల్లో ఈ పద్ధతిలోనే విద్యాసంస్థల మధ్య ఈమెయిల్ నడిపింది.

తెలుగు నేలకు ఆనుకునే ఇంకో మంచి ఉదాహరణ ఉంది. కర్ణాటకలోని దొడ్డబళ్లాపుర తాలూకాలో డాక్‌నెట్ అనే ప్రయోగంలో పల్లె బస్సుకు వైఫై పెట్టె అమర్చారు. బస్సు ఊరి కియోస్కు ముందుకు రాగానే, ఎవరూ బటన్ నొక్కకుండానే, భూమి రికార్డుల దరఖాస్తులు బస్సులోకి ఎక్కేవి. తాలూకా కేంద్రం చేరగానే అక్కడ దిగేవి. ఎంఐటీ పరిశోధకులు అలెక్స్ పెంట్లండ్, రిచర్డ్ ఫ్లెచర్, అమీర్ హాసన్ 2004లో దీని వివరాలు ప్రచురించారు. బస్సుతో ఒక్కో కలయిక సగటున రెండున్నర నిమిషాలు సాగేది. ఆ కాస్త సమయంలోనే సుమారు 20 మెగాబైట్లు చేతులు మారేవి. కాంబోడియాలోని రతనకిరి కొండల్లో ఇదే పని మోటారు సైకిళ్లు చేశాయి, బడుల మధ్య ఈమెయిళ్లు మోశాయి.

పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ అశ్విని పేరుతో మరో మార్గం ఎంచుకుంది. పొడవాటి స్తంభాల మీద దూరాన్ని చూసే యాంటెన్నాలు పెట్టి, మామూలు వైఫై సాంకేతికతతోనే పల్లెలకు వీడియో వైద్యం, చదువు అందించింది. ఐఐటీ కాన్పూర్ పరిశోధకులు ఆ నెట్‌వర్క్‌ను అధ్యయనం చేశారు. డెల్టాలో నేల చదును, స్తంభం నుంచి స్తంభానికి చూపు ఆనుతుంది. మన్యంలో ప్రతి గుట్టా ఆ చూపును కోసేస్తుంది. అందుకే కోస్తాలో నెగ్గిన పద్ధతిని కొండ మీదికి యథాతథంగా తీసుకెళ్లలేం. అక్కడికి దొడ్డబళ్లాపుర బస్సు పద్ధతే దగ్గర.

గూడెం బడిలో ఒక చిన్న యంత్రం

పెదబయలు మండలంలో గుట్ట మీది ఒక బడిని ఊహించుకుందాం. అక్కడ అరచేతిలో పట్టే రాస్‌ప్‌బెరీ పై అనే కంప్యూటర్ ఉంది. అది లినక్స్ మీద నడుస్తుంది. దానిలో 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ద్వారా నింపి ఉంచారు. పాఠాల కోసం కోలిబ్రి ఉంది. పిల్లలు నెట్ లేకుండానే వీటిని చదువుకోగలరు. వారానికోసారి ఉపాధ్యాయుడు దాన్ని సంచిలో వేసుకుని మండల కేంద్రానికి తెస్తాడు. అక్కడ ఆఫీసు వైఫై తగిలిన మరుక్షణం ఏమేం జరగాలి?

మొదట గడియారం. రాస్‌ప్‌బెరీ పై చాలా నమూనాల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి వస్తే తారీఖు తప్పుతుంది. తారీఖు తప్పితే సురక్షిత వెబ్‌సైట్లు చూపే ధ్రువపత్రాల గడువు సరిపోలక ఏ సైటూ తెరుచుకోదు. అందుకే సమయం సరిచేసే స్క్రిప్టుకు 10 అంకె ఇవ్వాలి.

తర్వాత పంపాల్సిన ఫైళ్లు. దీనికి ఆర్‌సింక్‌కు సాటి లేదు. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ 1996లో విడుదల చేసిన ఈ ప్రోగ్రామ్ రెండు వైపులా ఉన్న ఫైళ్లను ముక్కలుగా పోల్చి, మారిన ముక్కలే పంపుతుంది. సగంలో తెగితే వచ్చిన భాగం దాచుకుని అక్కడి నుంచి మొదలుపెట్టమని కూడా దానికి చెప్పవచ్చు. పది మెగాబైట్ల హాజరు పట్టికలో ఇద్దరు పిల్లల వివరాలే మారితే, ప్రయాణించేది కొన్ని కిలోబైట్లే.

మూడోది తాళం. సిగ్నల్ నిమిషానికి నాలుగుసార్లు పోయి వస్తే స్క్రిప్టు నాలుగుసార్లు మొదలవుతుంది. నాలుగు నకళ్లు ఒకే ఫైలు మీద పడి పాడుచేయకుండా, ఒకటి నడుస్తుంటే రెండోది వెనుదిరిగేలా ఎఫ్‌లాక్ అనే చిన్న ఆదేశంతో తాళం వేయాలి.

నాలుగోది డబ్బు. ఉపాధ్యాయుడి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిసినప్పుడు వందల మెగాబైట్ల వీడియో పాఠాలు దిగుమతి అయితే, ఆయన డేటా ప్యాక్ ఒక్క పూటలో ఖాళీ అవుతుంది. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్ చిరునామా ఇచ్చేటప్పుడే ఇది డబ్బు లెక్కన నడిచే కనెక్షన్ అని చెబుతుంది. నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని గుర్తుపడుతుంది. అలాంటి చోట హాజరు పట్టికలు మాత్రమే పంపి, పాఠాల సంగతి ఆఫీసు వైఫైకి వదిలేయమని స్క్రిప్టులో ఒక వరుస చేరిస్తే సరిపోతుంది.

ఇదే అమరిక ఆరోగ్య ఉపకేంద్రానికి, కాఫీ పండ్లు కొనే కేంద్రానికి కూడా పనికొస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీని పండించేది చిన్న కమతాల గిరిజన రైతులు. ఏ తోటలో ఏ రోజు ఎంత పండు కోశారో రాసిన లెక్క సేంద్రియ ధ్రువీకరణకు అవసరం. ఆ లెక్క సిగ్నల్ లేనిచోట పుడుతుంది, సిగ్నల్ ఉన్నచోటికి చేరాలి. ఫోన్‌తో సర్వేలు చేసే ఓడీకే అనే ఉచిత ప్రోగ్రామ్‌లో, నింపిన ఫారాలను వైఫై దొరికినప్పుడు తనంతట తానే పంపే వీలుంది. ఆండ్రాయిడ్ ఫోన్ లోపలున్నదీ లినక్స్ కెర్నెలే.

ఎవరు చేయాలి

ఇందులో కోట్ల పెట్టుబడి కోరేది ఏదీ లేదు. పాత ల్యాప్‌టాప్ చాలు. స్క్రిప్టు రాయడం ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థి చేయగల పని. తెలుగులో లినక్స్ అందించడానికి 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ వంటి సంస్థలున్నాయి. లేనిదల్లా ఈ తెలివిడిని కొండ మీది బళ్లకూ ఉపకేంద్రాలకూ చేర్చే పట్టుదల.

నగరంలో, ఎప్పుడూ నెట్ ఉండే గదిలో తయారైన సాఫ్ట్‌వేర్ సిగ్నల్ లేకపోతే తెర మీద ఎర్ర అక్షరాలు చూపించి ఊరుకుంటుంది. అప్పుడు గుట్టెక్కాల్సింది మనిషి. ఆశా కార్యకర్తో, టీచరో, రైతో పని మానుకుని ఎక్కాలి. ఆ భారం యంత్రం మోయగలిగినప్పుడు మనిషి మీద వేయడం అన్యాయం.

ఏజెన్సీ కోసం సాఫ్ట్‌వేర్ కొనే అధికారులు, రాసే ఇంజినీర్లు, విరాళమిచ్చే సంస్థలు టెండరు కాగితంలో ఒక ప్రశ్న తప్పకుండా చేర్చాలి. నెట్ లేనప్పుడు ఇది ఏం చేస్తుంది, నెట్ వచ్చిన మొదటి నిమిషంలో ఏం చేస్తుంది? దానికి రాతపూర్వకంగా జవాబు రావాలి. ఆ జవాబును విశాఖ ఆఫీసులో కాకుండా ముంచింగిపుట్టులోనో, అనంతగిరి గుట్టల్లోనో యంత్రాన్ని నడిపించి సరిచూసుకోవాలి. బిల్లు చెల్లించడం ఆ తర్వాతే.